స్నెల్‌ను ఆపడం తప్పా, ఆండర్సన్‌ను పిలవడం తప్పా? 2020 వరల్డ్ సిరీస్ ఆరో గేమ్ గురించి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికా బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్, 2020లో జరిగిన దాని ఆరో గేమ్ రికార్డింగ్ చూశారు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ మీద టాంపా బే రేస్ 1-0తో ముందుంది. వాళ్ల పిచ్చర్ బ్లేక్ స్నెల్ అప్పటికి 73 బంతులే వేశాడు. 9 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైక్‌లతో అవుట్) చేశాడు, ఒక్క వాక్ (నాలుగు చెడ్డ బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) కూడా ఇవ్వలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక సింగిల్ (బ్యాటర్ మొదటి బేస్ చేరే హిట్) పడగానే మేనేజర్ కెవిన్ క్యాష్ మైదానంలోకి వచ్చి అతని చేతిలోంచి బంతి తీసుకున్నాడు. అక్కడితో ఆధిక్యమూ పోయింది, కప్పూ పోయింది. చిన్నప్పటి నుంచీ క్రికెట్ చూసిన మనకు అది మింగుడుపడదు. వికెట్లు తీస్తున్న బౌలర్ని ఎవరైనా ఆపుతారా? అంకెలు చెప్పాయని కళ్లెదుట కనిపిస్తున్నది కాదనుకోవడం తప్పు కాదా? ఇదీ మీరు అడిగింది.

ముందు సూటిగా జవాబు చెబుతాను. స్నెల్‌ను తీయడం నా లెక్కలో చిన్న తప్పు. అతని స్థానంలో రిలీవర్ (గేమ్ మధ్యలో వచ్చే పిచ్చర్) నిక్ ఆండర్సన్‌ను తేవడం పెద్ద తప్పు. టీవీ చర్చల్లో మొదటిదే ఎక్కువ నలిగింది, రెండోది మరుగున పడింది. పైగా ఆ రెండో తప్పుకు అంకెల మీద నమ్మకాన్ని నిందించలేం. అది పాత అంకెను పట్టుకుని కొత్త అంకెను వదిలేయడం.

క్యాష్ వైపు వాదన ఏమిటో ముందు చూద్దాం. దాన్ని పూర్తి బలంతో అర్థం చేసుకోకుండా అతన్ని తప్పుపట్టడం న్యాయం కాదు.

బేస్‌బాల్‌లో తొమ్మిది మంది బ్యాటర్లు ఒకే వరుసలో తిరుగుతూ వస్తారు. ఒక పిచ్చర్‌ని మొదటిసారి ఎదుర్కొన్నప్పటి కంటే రెండోసారి, రెండోసారి కంటే మూడోసారి బ్యాటర్లు సగటున మెరుగ్గా ఆడతారు. దశాబ్దాల లెక్కల్లో ఇది స్థిరంగా కనిపిస్తుంది. దీనికి రెండు కారణాలున్నాయి. పిచ్చర్ అలసిపోతాడు. బ్యాటర్ కన్ను ఆ చేతికి, ఆ వేగానికి, ఆ వంపుకు అలవాటు పడుతుంది. క్రికెట్‌లో సెట్ అయిన బ్యాటర్ అంటామే, అలాంటిదే. తేడా ఒక్కటే: ఇక్కడ క్రీజులో నిలబడి కుదురుకోరు, గంటకోసారి వచ్చి చూసి వెళ్లి, మూడోసారికి కుదురుకుంటారు.

స్నెల్ ఆ రాత్రి 16 అవుట్లు తీశాడు, రెండు సింగిల్స్ ఇచ్చాడు, వాక్‌లు సున్నా. కూడితే 18 మంది బ్యాటర్లు. అంటే వరుస కచ్చితంగా రెండుసార్లు పూర్తయింది. తొమ్మిదో స్థానంలో ఉన్న ఆస్టిన్ బార్న్స్ సింగిల్ కొట్టాక రావాల్సింది మొదటి బ్యాటర్ మూకీ బెట్స్, ఆ తర్వాత కోరీ సీగర్, ఆ తర్వాత జస్టిన్ టర్నర్. మూడో విడత మొదలయ్యేది అక్కడే. బెట్స్, సీగర్ స్నెల్‌ను మూడోసారి చూడటం తనకు ఇష్టం లేదనే మాటే గేమ్ అయ్యాక క్యాష్ చెప్పాడు. బార్న్స్ సింగిల్ కొట్టకపోయినా బెట్స్ దగ్గర ఇదే జరిగి ఉండేదని నా అనుమానం. ఆ గీత ముందే గీసి ఉంది.

ఆ గీతకు చరిత్ర కూడా ఉంది. అదే సిరీస్ రెండో గేమ్‌లో స్నెల్ ఐదో ఇన్నింగ్స్‌లో రెండు అవుట్ల దాకా హిట్ ఇవ్వకుండా అద్భుతంగా వేశాడు. అంతలో క్రిస్ టేలర్ రెండు పరుగుల హోమ్ రన్ కొట్టాడు. వెంటనే బెట్స్‌కు వాక్, సీగర్‌కు సింగిల్. కొద్ది నిమిషాల్లోనే గేమ్ చేతిలోంచి జారేలా ఉంది. క్యాష్ అప్పుడు ఆండర్సన్‌ను పిలిచాడు, ఆండర్సన్ టర్నర్‌ను స్ట్రైకవుట్ చేశాడు, రేస్ 6-4తో గెలిచింది. అంతకుముందు అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో గేమ్‌లో చార్లీ మోర్టన్ 66 బంతుల్లో ఒక్క పరుగూ ఇవ్వకుండా వేస్తుంటే, ఆరో ఇన్నింగ్స్ మధ్యలోనే తీసేసి ఆండర్సన్‌నే తెచ్చాడు. అదీ ఫలించింది, రేస్ వరల్డ్ సిరీస్‌కు చేరింది. 60 గేమ్‌ల ఆ కుదించిన సీజన్‌లో 40 గెలిచిన జట్టు ఇది. ఆ ఏడాది వాళ్ల పిచ్చర్లలో 12 మంది వేర్వేరు వ్యక్తులు సేవ్‌లు (చివర్లో వచ్చి ఆధిక్యం కాపాడి గేమ్ ముగించడం) నమోదు చేశారు. స్టార్టర్‌ను (గేమ్ మొదలుపెట్టే పిచ్చర్‌ను) త్వరగా ఆపి, ఇన్నింగ్స్‌కో కొత్త చెయ్యి చూపించడమే వాళ్ల ఆట. స్నెల్ కూడా ఆ ఏడాది ఏ గేమ్‌లోనూ ఆరు ఇన్నింగ్స్ పూర్తి చేయలేదు. కాబట్టి ఆ రాత్రి క్యాష్ భయపడి కొత్తగా ఏదో చేశాడనడం సరికాదు. ఏ పద్ధతితో అక్కడిదాకా వచ్చాడో అదే పద్ధతి పాటించాడు.

ఇక ఎక్కడ విభేదించాలో చెబుతాను.

మూడో విడత నష్టం నిజమే గానీ, అది గోడ కాదు, వాలు. 18వ బ్యాటర్ వరకు భద్రం, 19వ బ్యాటర్ నుంచి ప్రమాదం అన్నట్టు లెక్కలు చెప్పవు. బ్యాటర్ల ఆధిక్యం మొదటి బ్యాటర్ నుంచే కొద్దికొద్దిగా పెరుగుతూ పోతుంది. కాబట్టి 18 అనే అంకెకు మహత్తు ఏమీ లేదు. పైగా ఆ వాలు సగటుది. రెండు రకాల బంతులే ఉన్న పిచ్చర్‌కు అది నిటారుగా ఉంటుంది, నాలుగు రకాలు నమ్మకంగా వేయగలవాడికి తక్కువగా ఉంటుందని అనుకోవడం సబబు. స్నెల్ దగ్గర ఫాస్ట్‌బాల్, స్లైడర్, కర్వ్, ఛేంజప్ నాలుగూ ఉన్నాయి. 2018లో 21 విజయాలు, 1.89 ఈఆర్ఏతో లీగ్ ఉత్తమ పిచ్చర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డు అందుకున్న చెయ్యి అది. (తెలియనివారికి: ఈఆర్ఏ అంటే ఫీల్డర్ల తప్పిదాలతో వచ్చినవి కాకుండా పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడన్న లెక్క. తక్కువైతే మంచిది.)

రెండో గేమ్‌కూ ఆరో గేమ్‌కూ పోలిక కూడా పైపైదే. రెండో గేమ్‌లో స్నెల్ నాలుగు వాక్‌లు ఇచ్చాడు, ఐదో ఇన్నింగ్స్ ముగియకుండానే 88 బంతులు వేశాడు. అంటే స్ట్రైకవుట్లు వస్తున్నా బంతి అదుపు తప్పుతోందని ముందే కనిపించింది. ఆరో గేమ్‌లో వాక్ లేదు. బంతులు 15 తక్కువ, తీసిన అవుట్లు రెండు ఎక్కువ. ఆ రాత్రి బెట్స్, సీగర్, టర్నర్ ముగ్గురూ కలిసి స్నెల్‌ను ఆరుసార్లు ఎదుర్కొని ఆరుసార్లూ స్ట్రైకవుట్ అయ్యారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. "ఆరుకు ఆరు స్ట్రైకవుట్లు, ఏడోదీ అలాగే వచ్చేది" అనే వాదన బలహీనమైనది. ఆరుసార్లు ఏం జరిగిందో చూసి ఏడోసారి ఏం జరుగుతుందో చెప్పలేం. పిచ్చర్ నిజంగా బాగున్నాడా లేదా అన్నది ఫలితంలో కాదు, బంతిలో వెతకాలి. డగౌట్‌లో కోచ్‌లు చూసేవి, టీవీ ముందు మీరూ చూడగలిగేవి కొన్ని ఉన్నాయి. ఫాస్ట్‌బాల్ వేగం మొదటి ఇన్నింగ్స్‌తో పోలిస్తే గంటకు మైలున్నర, రెండు మైళ్లు పడిపోతే అది అలసట గుర్తు. క్యాచర్ గ్లవ్ కింద పెడితే బంతి పైకి, పిచ్చర్ విసిరే చేతి వైపుకి పోతుంటే మోచెయ్యి వెనకబడుతోందని అర్థం. స్లైడర్ కిందకి విరగకుండా ప్లేట్ నడుమ తేలిందంటే తర్వాతిది హోమ్ రన్ కావచ్చు. ఫౌల్ బంతి పక్కకు కాకుండా నేరుగా వెనక్కి వెళితే బ్యాటర్ టైమింగ్ దొరికించుకున్నట్టు, తగలాల్సిన చోటు వెంట్రుకవాసిలో తప్పినట్టు. గంటకు 95 మైళ్లు దాటిన దెబ్బలు అవుట్లే అయినా వరుసగా రెండు మూడు వస్తే అదృష్టం కాపాడుతోందన్నమాట. స్ట్రైక్ జోన్ బయట బంతిని మొదట్లో వెంటాడిన బ్యాటర్ ఇప్పుడు వదిలేస్తున్నాడంటే చేతిలోంచి వచ్చేటప్పుడే అది ఏ బంతో పట్టేస్తున్నాడు.

ఇవేవీ ఆ రాత్రి స్నెల్‌లో నాకు కొట్టొచ్చినట్టు కనిపించవు. బార్న్స్ సింగిల్ ఒక్కటి దీనికి సరిపోదు.

అయినా దీన్ని చిన్న తప్పు అన్నాను, ఎందుకంటే ఒక బ్యాటర్ విషయంలో మంచి స్టార్టర్‌కూ, విశ్రాంతితో ఉన్న మంచి రిలీవర్‌కూ మధ్య తేడా నిజంగానే చిన్నది. 95 మైళ్ల వేగంతో, ఆ రాత్రి ఎవరూ చూడని చేతితో వచ్చే కొత్తవాడు సగటున మూడో విడత స్టార్టర్ కంటే మెరుగు కూడా కావచ్చు. మంచి రిలీవర్ అయితేనే. అసలు సమస్య అక్కడుంది.

నిక్ ఆండర్సన్ ఆ సీజన్‌లో 16 పైచిలుకు ఇన్నింగ్స్‌లో 26 మందిని స్ట్రైకవుట్ చేసి 0.55 ఈఆర్ఏతో ముగించాడు. ఆ ఏడాది లీగ్ మొత్తంలో అంత భయపెట్టిన రిలీవర్లు కొద్దిమందే. కానీ అది సెప్టెంబర్ మాట. అక్టోబర్ 27న అతను మైదానంలోకి నడిచేటప్పటికి, అంతకుముందు ఆడిన ఆరు ప్లేఆఫ్ గేమ్‌లలో వరుసగా ఆరింటిలోనూ పరుగు ఇచ్చాడు. పైన చెప్పిన రెండో గేమ్ సంగతే తీసుకోండి. టర్నర్ స్ట్రైకవుట్ అందరికీ గుర్తుంది. ఆ మరుసటి ఇన్నింగ్స్‌లో విల్ స్మిత్ అతని మీద హోమ్ రన్ కొట్టాడన్నది గుర్తులేదు. క్యాష్‌కు ఫలించినట్టు కనిపించిన నిర్ణయాల్లోనే ఆండర్సన్ తరుగుదల దాగి ఉంది. గేమ్ గెలిచారు కాబట్టి అది కనబడలేదు.

ఆరు గేమ్‌లు చిన్న నమూనా కదా అంటారా? నిజమే, ఒక్క అంకెగా చూస్తే చిన్నదే. కానీ స్నెల్ మూడో విడత గురించి సగటును నమ్మినవాడు, తన రిలీవర్ విషయంలో కూడా అంత జాగ్రత్తగా ఉండాలి. ఆండర్సన్ ఆయుధాలు రెండే: పైన వేసే ఫాస్ట్‌బాల్, కింద పడే కర్వ్. అలాంటివాడికి ఫాస్ట్‌బాల్ చివరి ఊపు కాస్త తగ్గినా, కర్వ్ ఆలస్యంగా విరగకపోయినా దాక్కోవడానికి మూడో బంతి లేదు. ఆ ప్లేఆఫ్స్‌లో అతని భుజం మీద పడిన బరువు తక్కువేం కాదు. అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడు గేమ్‌లూ ఆ ఏడాది మధ్యలో విశ్రాంతి రోజు లేకుండా వరుసగా జరిగాయి. మరుసటి వసంతంలో అతని మోచేతి లిగమెంట్ కొంత చిరిగినట్టు తేలింది. దాన్ని క్యాష్‌కు వ్యతిరేకంగా సాక్ష్యంగా వాడను, ఆ రాత్రికి అది ఎవరికీ తెలియదు. ఆరు గేమ్‌ల పరుగులు మాత్రం అందరికీ తెలుసు.

ఇంకో సంగతి, చేతివాటం. స్నెల్ ఎడమచేతి వాటం, ఆండర్సన్ కుడిచేతి వాటం. రావాల్సిన ముగ్గురిలో బెట్స్, టర్నర్ కుడిచేతి బ్యాటర్లు, సీగర్ ఎడమచేతి బ్యాటర్. మామూలు లెక్క ప్రకారం కుడి బ్యాటర్ మీదకి కుడి పిచ్చర్ మేలు. అయితే బెట్స్ ఆ సీజన్‌లో తలకిందులు: ఎడమచేతి పిచ్చర్ల మీద అతని సగటు .200 దగ్గర (అంటే వెయ్యికి 200 హిట్లు), కుడిచేతివాళ్ల మీద .320 పైన. ఇది కూడా 60 గేమ్‌ల సీజన్‌లో చిన్న నమూనానే కాబట్టి దీని మీద కోట కట్టను. కానీ ఎడమచేతి స్నెల్‌ను తీసి కుడిచేతి ఆండర్సన్‌ను తెస్తే బెట్స్ మీద ఏదో పైచేయి దొరుకుతుందనే వాదన మాత్రం నిలవదు. పైగా ఆ వెంటనే వచ్చే సీగర్ ఎడమచేతి బ్యాటర్, స్నెల్‌కు అనుకూలమైనవాడు. అతనికీ ఇప్పుడు కుడిచేతి పిచ్చర్ దొరికాడు.

ఇక్కడే ఒక నిబంధన గుర్తుపెట్టుకోవాలి. 2020 నుంచి కొత్తగా వచ్చిన పిచ్చర్ కనీసం ముగ్గురు బ్యాటర్లకు వేయాలి, లేదా ఆ ఇన్నింగ్స్ ముగించాలి. గాయమో అనారోగ్యమో అయితేనే మినహాయింపు. కాబట్టి రిలీవర్‌ను పిలిచేటప్పుడు ఎదుట నిలబడ్డ బ్యాటర్ కోసం కాదు, వరుసగా రాబోయే ముగ్గురి కోసం పిలవాలి. బెట్స్ దగ్గర తప్పయితే సీగర్ దగ్గర సరిదిద్దుకోలేరు.

ఏం జరిగిందో మీరు చూశారు. బెట్స్ ఎడమ గీత వెంబడి డబుల్ కొట్టాడు, బార్న్స్ మూడో బేస్ చేరాడు. తర్వాత ఒక వైల్డ్ పిచ్ (క్యాచర్‌కు అందకుండా పోయిన బంతి), బార్న్స్ ఇంటికి చేరాడు, 1-1. బెట్స్ మూడో బేస్‌కు వెళ్లాడు. సీగర్ మొదటి బేస్ వైపు నేల బంతి కొట్టాడు, రేస్ ఫీల్డర్ ఛోయ్ జీ-మాన్ హోమ్‌కు విసిరిన బంతి కంటే ముందే బెట్స్ జారుతూ చేరిపోయాడు, 2-1. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పీట్ ఫెయిర్‌బ్యాంక్స్ మీద బెట్స్ హోమ్ రన్ కొట్టాడు. చివరికి 3-1. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌కు 1988 తర్వాత మొదటి కప్పు.

ఒకటి న్యాయంగా చెప్పుకోవాలి. రేస్ ఆ రాత్రంతా కొట్టింది ఒక్క పరుగే, మొదటి ఇన్నింగ్స్‌లో రాండీ అరోజరేనా హోమ్ రన్. ఒక్క పరుగు ఆధిక్యాన్ని 11 అవుట్ల పాటు కాపాడటం ఎవరికైనా కష్టమే. స్నెల్‌ను ఉంచినా ఓడిపోయే అవకాశం బాగానే ఉంది. "స్నెల్ ఉంటే గెలిచేవాళ్లు" అని ఎవరైనా నొక్కి చెబితే నమ్మకండి. నిర్ణయం మంచిదా చెడ్డదా అన్నది ఫలితం తెలియక ముందు ఉన్న సమాచారంతోనే తూచాలి. ఆ తూకంలోనే ఆండర్సన్ ఎంపిక తేలిపోతుంది.

మరి ఏం చేయాల్సింది? మొదటి బేస్‌లో ఒక రన్నర్, ఒక అవుట్. ఈ స్థితిలో ఆ ఇన్నింగ్స్‌లో కనీసం ఒక పరుగు వచ్చే అవకాశం సగటున నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. ఇల్లేమీ కాలిపోవడం లేదు. నేనైతే స్నెల్‌ను బెట్స్‌కూ సీగర్‌కూ వేయనిచ్చేవాణ్ణి, ఈ ఇద్దరిలో ఒకరు బేస్ చేరితే టర్నర్ దగ్గర మార్చేలా రిలీవర్‌ను సిద్ధంగా ఉంచుకునేవాణ్ణి. అప్పుడు కొత్తవాడికి టర్నర్, మన్సీ, స్మిత్ ముగ్గురూ దక్కుతారు. అందులో మన్సీ ఒక్కడే ఎడమచేతి బ్యాటర్.

లేదు, బెట్స్ దగ్గరే మార్చాలి అనుకుంటే డియేగో కాస్టియోను చూడాల్సింది. అతనిది వేగంగా వచ్చి కిందకి కుంగే సింకర్, దానికి తోడు స్లైడర్. బ్యాటర్ కొట్టినా ఎక్కువగా నేల మీద పరుగెత్తే బంతి వస్తుంది. మొదటి బేస్‌లో రన్నర్, ఒక అవుట్ ఉన్నప్పుడు నేల బంతి అంటే డబుల్ ప్లే (ఒకే బంతికి రెండు అవుట్లు), ఒక్క దెబ్బకు ఇన్నింగ్స్ ముగింపు. బెట్స్ వేగంగా పరుగెత్తుతాడు కాబట్టి అది ఖాయం కాదు, అయినా ఆ తలుపు తెరిచి ఉండేది. ఆండర్సన్ గాల్లోకి లేచే బంతుల పిచ్చర్. అతనికి స్ట్రైకవుట్ కావాలి, అది రాకపోతే బంతి ఔట్‌ఫీల్డ్‌కు పోతుంది. ముందురోజు విశ్రాంతి రోజు కాబట్టి బుల్‌పెన్‌లో (రిలీవర్లు వేచి ఉండే చోట) మనుషుల కొరతా లేదు. మరుసటి రాత్రి ఏడో గేమ్‌కు స్టార్టర్‌గా మోర్టన్ ఉన్నాడు.

బుల్‌పెన్ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. ఎందుకంటే టీవీలో చూసేవాళ్లకు రిలీవర్ అంటే పిలవగానే వచ్చేవాడనిపిస్తుంది. అవతల గోడ పక్కన వార్మప్ మట్టిదిబ్బ మీద అతను కనీసం 15-25 బంతులు వేస్తేగానీ చెయ్యి వేడెక్కదు. దానికి ఐదు నిమిషాల పైనే పడుతుంది. అంటే ఆరో ఇన్నింగ్స్ మధ్యలో కనిపించే మార్పు నిజానికి ఐదో ఇన్నింగ్స్ చివర్లో ఫోన్‌లో తీసుకున్న నిర్ణయం. ఎవరిని లేపాలన్నదే అసలు ఎంపిక. లేపాక కూర్చోబెట్టి, మళ్లీ లేపితే గేమ్‌లో ఒక్క బంతీ వేయకుండానే అతని శక్తి సగం కరిగిపోతుంది. అందుకే మేనేజర్లు ఒకసారి లేపినవాణ్ణి వాడేయాలనే ఒత్తిడికి లోనవుతారు. ఇద్దరిని పక్కపక్కన లేపడం ఈ చిక్కుకు మందు. ఒక్క పరుగు తేడా ఉన్న వరల్డ్ సిరీస్ గేమ్‌లో అది దుబారా కాదు.

క్రికెట్‌తో తేడా కూడా ఇక్కడే. సిరాజ్‌ను కెప్టెన్ రెండు ఓవర్లకే ఆపినా 18వ ఓవర్‌కు మళ్లీ పిలవొచ్చు. బేస్‌బాల్‌లో బయటికి వెళ్లినవాడు ఆ రోజు తిరిగి రాడు. తొందరపడి తీస్తే వెనక్కి తీసుకోలేని నష్టం. ఆలస్యంగా తీస్తే స్కోరుబోర్డు మీద నష్టం. మేనేజర్ నిలబడేది ఈ రెంటి మధ్యే.

ఆలస్యం వైపు తప్పు ఎలా ఉంటుందో చూడాలంటే 2003 అక్టోబర్ 16. బోస్టన్ మేనేజర్ గ్రేడీ లిటిల్ ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 5-2 ఆధిక్యంతో పెడ్రో మార్టినెజ్‌ను ఉంచాడు, యాంకీస్ వరసగా కొడుతున్నా ఉంచాడు, మైదానంలోకి వెళ్లి మాట్లాడి వచ్చి కూడా ఉంచాడు. పెడ్రో 123 బంతులు వేశాడు, స్కోరు 5-5 అయింది. 11వ ఇన్నింగ్స్‌లో ఆరన్ బూన్ హోమ్ రన్‌తో బోస్టన్ సీజన్ ముగిసింది, లిటిల్ ఉద్యోగమూ ముగిసింది. పేరు చూసి నమ్మడం అంటే అది. పెడ్రో విషయంలో పేరు మైదానం మీదే ఉంది, ఆండర్సన్ విషయంలో బుల్‌పెన్‌లో ఉంది. రెండూ ఒకే జబ్బు.

అదే ఆరన్ బూన్ 2024లో యాంకీస్ మేనేజర్. అక్టోబర్ 25న డాడ్జర్ స్టేడియంలో వరల్డ్ సిరీస్ మొదటి గేమ్, పదో ఇన్నింగ్స్, యాంకీస్ 3-2తో ముందుంది. ఒక అవుట్, ఇద్దరు రన్నర్లు, బ్యాటర్ షోహే ఒటానీ. బుల్‌పెన్‌లో ఇద్దరు ఎడమచేతి పిచ్చర్లు సిద్ధంగా ఉన్నారు: ఆ నెలంతా వేస్తూ వచ్చిన టిమ్ హిల్, మోచేతి గాయంతో సెప్టెంబర్ 18 తర్వాత ఒక్క గేమూ ఆడని నెస్టర్ కోర్టెస్. బూన్ కోర్టెస్‌ను పిలిచాడు. మొదటి బంతికే ఒటానీ ఫౌల్ గీత అవతలకు ఎత్తాడు, యాంకీస్ ఫీల్డర్ వెర్డుగో పట్టుకుని గోడ మీదుగా ప్రేక్షకుల్లోకి పడ్డాడు. అవుట్ వచ్చింది. కానీ ఫీల్డర్ క్యాచ్ పట్టి స్టాండ్స్‌లో పడితే రన్నర్లకు ఒక్కో బేస్ ఉచితం. దాంతో మొదటి బేస్ ఖాళీ అయింది, బెట్స్‌కు కావాలని వాక్ ఇచ్చారు, ఎడమచేతి ఫ్రెడ్డీ ఫ్రీమన్ వచ్చాడు. మొదటి బంతి, ఫాస్ట్‌బాల్, గ్రాండ్ స్లామ్ (మూడు బేస్‌లూ నిండి ఉండగా కొట్టిన హోమ్ రన్). 6-3. వరల్డ్ సిరీస్ చరిత్రలో గేమ్‌ను అక్కడికక్కడే ముగించిన మొదటి గ్రాండ్ స్లామ్ అది. ఎడమకు ఎడమ అనే లెక్క కాగితం మీద సరిపోయింది. 37 రోజులుగా గేమ్‌లో బంతి పట్టని చెయ్యి ఎలా ఉంటుందన్నది కాగితం మీద లేదు. పైగా హిల్ చెయ్యి కిందుగా తిప్పి నేల బంతులు రాబట్టే రకం, కోర్టెస్ గాల్లో బంతుల రకం. ఆ స్థితికి ఎవరు కావాలో నాకు సందేహం లేదు.

ఇక 2016లో బాల్టిమోర్ మేనేజర్ బక్ షోవాల్టర్ టొరంటోలో జరిగిన ఒకే ఒక్క వైల్డ్ కార్డ్ గేమ్‌లో జాక్ బ్రిటన్‌ను వాడనేలేదు. ఆ ఏడాది 47 సేవ్ అవకాశాల్లో 47 కాపాడి, 0.54 ఈఆర్ఏతో ఉన్నవాడు. ఆధిక్యం వస్తే వాడదామని దాచాడు. ఆధిక్యం రాలేదు. 11వ ఇన్నింగ్స్‌లో ఉబాల్డో హిమెనెజ్ మీద ఎడ్విన్ ఎన్కార్నాసియోన్ మూడు పరుగుల హోమ్ రన్ కొట్టాడు, బ్రిటన్ బుల్‌పెన్‌లోంచి చూస్తూ ఉండిపోయాడు. ఇది నిస్సందేహంగా తప్పు, చర్చకు కూడా తావు లేదు. ఓడితే సీజన్ ముగిసే గేమ్‌లో రేపటికి దాచేదేమీ ఉండదు.

మళ్లీ 2020 ఆరో గేమ్ జరిగిన ఆర్లింగ్టన్‌కు వద్దాం. డాలస్ చుట్టుపక్కల ఉన్న మన తెలుగువాళ్లు చాలామందికి ఆ గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ తెలిసే ఉంటుంది. కోవిడ్ వల్ల ఆ ఏడాది సిరీస్ మొత్తం అక్కడే జరిగింది. అందరూ క్యాష్ గురించి మాట్లాడుతూ అవతలి డగౌట్‌ను చూడటం మానేశారు. డాడ్జర్స్ మేనేజర్ డేవ్ రాబర్ట్స్ తన స్టార్టర్ టోనీ గాన్సోలిన్‌ను క్యాష్ కంటే చాలా ముందు, రెండో ఇన్నింగ్స్‌లోనే తీసేశాడు. ఆ తర్వాత ఆరుగురు రిలీవర్లను వాడాడు. త్వరగా మార్చడమే పాపమైతే రాబర్ట్స్‌ది ఇంకా పెద్ద పాపం కావాలి.

అయితే అతను చివర్లో ఏం చేశాడో చూడండి. ఏళ్లుగా ఆ జట్టు క్లోజర్ (చివరి ఇన్నింగ్స్ ముగించే రిలీవర్) కెన్లీ జాన్సెన్. నాలుగో గేమ్ చివరి ఇన్నింగ్స్‌లో రాబర్ట్స్ అతన్నే నమ్మాడు, బ్రెట్ ఫిలిప్స్ సింగిల్‌తో రేస్ 8-7తో గెలిచింది. ఐదో గేమ్ చివరి అవుట్లకు జాన్సెన్‌ను కాకుండా బ్లేక్ ట్రైనెన్‌ను పిలిచాడు. ఆరో గేమ్‌లో ఏడో ఇన్నింగ్స్‌లో వచ్చిన హూలియో ఉరియాస్ ఒక్కో బ్యాటర్‌ను అలవోకగా పంపిస్తుంటే, తొమ్మిదో ఇన్నింగ్స్‌కు కూడా అతన్నే ఉంచాడు. చివరి ఏడు అవుట్లూ ఉరియాస్‌వే, అందులో నాలుగు స్ట్రైకవుట్లు. జాన్సెన్ బుల్‌పెన్‌లోనే ఉండిపోయాడు.